నాలుగు పెట్టెలు

గ్రిమ్స్‌బీ రేవులో, మూడో నంబరు చేపల గిడ్డంగిలో
షిఫ్టుకో ఫోను లేదు, ఒక్క ఫోనుకే రెండు షిఫ్టులు.
పగలు ఆమె జేబులో, రాత్రి నా జేబులో.
మీటల మీద అంకెలన్నీ అరిగిపోయాయి.
అయిదుని మాత్రం వేలు పోల్చుకుంటుంది,
దాని మీద చిన్న బుడిపె ఉంటుంది గనక.

కొత్త ఫోన్లు ఇక్కడ పనికిరావు.
గాజు తెరకి వేలి వెచ్చదనం కావాలి.
మైనస్ ఇరవై రెండులో తొడుగు తీసేదెవరు?
మీటకైతే ఆ పట్టింపు లేదు,
నొక్కితే నొక్కినట్టు.

అందులో ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన
టెక్స్టు ఫైలొకటి ఉంది.
అట్ట లేదు, రాసినవాడి పేరు లేదు,
మొదలు ఎక్కడో తెగిపోయింది.
ఓడ మునుగుతుండగా కథ అందుకుంటుంది.
తెరకి ఆరు లైన్లు, లైనుకి నాలుగు మాటలు.
కిందికి, కిందికి, ఇంకా కిందికి,
చేద లేకుండా నూతిలోకి దిగినట్టు చదవాలి.

రాత్రి రెండున్నరకి, టీ విరామంలో,
ఆపిన చోట గుర్తు పెట్టే దారి లేక
మాటల మధ్య ఒక నక్షత్రం కొట్టాను.
మర్నాడు చూస్తే
నా నక్షత్రానికి పన్నెండు తెరల కింద
రెండు నక్షత్రాలు.
పక్కనే వచ్చీరాని ఇంగ్లీషులో:
వంటవాడు అబద్ధం చెబుతున్నాడు. రాసా.

రాసా!
ఉలిక్కిపడ్డాను.
ఎవరో మనవాళ్లే, రాసా చూస్కో, అన్నట్టనిపించింది.
ఆరింటికి ఫోను చేతులు మారే రెండు నిమిషాల్లో తెలిసింది
ఆమెది లిథువేనియా అని, అదామె పేరని,
వాళ్ల భాషలో మంచుబొట్టు అని అర్థమట.
కరగని మంచుతోనే కాపురం చేస్తున్నవాణ్ణి,
బొట్టు అనే మాట విని ఎన్నాళ్లయిందో.

వంటవాడు మంచివాడే అని ఇంగ్లీషులో అనడానికి
ఇరవై ఎనిమిది నొక్కులు.
ఏడు మీద నాలుగు నొక్కితే ఎస్,
తొడుగు జారి అయిదోది పడిందా, ఏడే వచ్చి కూర్చుంటుంది.
అందుకే మేం ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకోలేదు,
అంత ఓపిక ఎక్కడిది?

కెప్టెన్ అచ్చం మన బారీలాగే లెక్క తప్పుతాడు.
నిజమే. నలభయ్యో అరలో హాడక్ పెట్టెలు ఒరిగాయి, జాగ్రత్త.
మా పాపకి పన్ను ఊడింది.
ఏ పన్ను?

ఒక రాత్రి ఫోను ఇక పట్టదంది.
మర్నాడు రాసా మాట:
చదివేసిన ఓడ తీసేశాను. మనకి చోటు కావాలి.
పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాను.
ఆ రాత్రి టీ చల్లారిపోయింది.
తర్వాత నేనూ మొదలుపెట్టాను.
ఒక్కో నొక్కుకి ఒక్కో అక్షరం,
తుఫానుని తుడవడానికి మూడు రాత్రులు పట్టింది.

ఇప్పుడు కథలో పదకొండు లైన్లే మిగిలాయి.
పడవలో ఉన్నవాళ్లు ఒడ్డు చేరారో లేదో అక్కడుంది.
నేను చదవలేదు.
ఆమె కూడా చదవలేదనే అనుకుంటున్నాను.
పైన అంతా మా సొదే.

మొన్న ఇంట్లో కంప్యూటరు మీద
ఆమె పేరు తెలుగులో కొట్టి, తీగతో ఎక్కించాను.
నేను పంపినవి రెండక్షరాలు,
ఫోను గుణింతాలు కూడా విడగొట్టి లెక్కేసి
నాలుగు ఖాళీ పెట్టెలు చూపించింది,
మేం రోజూ ఎత్తే పెట్టెల్లాగే, వరసగా.

ఏముంది వీటిలో, కాడా, హాడకా? అంది రాసా.
నీ పేరు, అన్నాను.
పద్దెనిమిది నొక్కులు.

ఆ మర్నాటి నుంచి
ఆమె తన పేరు ఇంగ్లీషులో రాయడం మానేసింది.
ప్రతి మాట చివరా
నాలుగు పెట్టెలు, నకలు తీసి అతికించినవి.

బారీ ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.
పెట్టెలు వస్తున్నాయేంటి, పాడైందా?
లేదు, అన్నాను.
బాగానే ఉంది.